మిరపకాయ లేని తాలింపు

ఇరవై ఏళ్ళకు పైగా ఒక మాట లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. పెద్ద మాటేమీ కాదు. "నాకు తెలీకుండా పెట్టేశారు బావా." అంతే. అది అబద్ధం. ఆ అబద్ధానికి ముందు నేను చేసిన ఒక తప్పు ఉంది. తర్వాత, దాని వల్ల పాడైన ఒక మనిషి బతుకు ఉంది. ఆ మనిషి మా అక్క మొగుడు. ఆయన పోయి మూడేళ్ళయింది. బరువు తగ్గుతుందనుకున్నాను, పెరిగింది.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళకు చెప్పాలని ఎన్నిసార్లు కూర్చున్నానో లెక్కలేదు. ఎదురుగా మొహం కనిపించగానే నోరు పెగలదు. వాతావరణం గురించో, షుగర్ మాత్రల గురించో మాట్లాడి లేచి వస్తాను. అందుకే మీతో చెబుతున్నాను. నా పేరు రాయడం లేదు. పిరికితనమే అనుకోండి. చివరిదాకా చదివాక కూడా అలాగే అనిపిస్తే నేను కాదనను.

నేను న్యాయశాస్త్రం పాఠాలు చెప్పి బతికినవాణ్ణి. అందులోనూ పోటీ చట్టం. వ్యాపారులు ఒకరితో ఒకరు పోటీ పడి కొనాలి, అమ్మాలి. లోపాయికారీగా కూడబలుక్కుని ధర కట్టకూడదు అని చెప్పే చట్టం అది. మా గుంటూరు, ప్రకాశం వైపు మిరప రైతుకు ఆ చట్టం పేరు తెలియకపోవచ్చు గానీ, ఆ కూడబలుక్కోవడం ఏమిటో బాగా తెలుసు. సరుకు దింపినరోజు నలుగురు వచ్చి నలుగురూ ఒకే ధర చెప్పి పోతే వాడికి చట్టం చదవాల్సిన పనేముంది?

నన్ను పెద్దవాణ్ణి చేసింది ఒక్క వ్యాసం. తర్వాత పుస్తకాలు రాశాను, దేశం నాలుగు మూలలా తిరిగి ఉపన్యాసాలిచ్చాను, నా దగ్గర చదువుకున్నవాళ్ళు జడ్జీలయ్యారు. కానీ ఎక్కడికెళ్ళినా నన్ను పరిచయం చేసేవాళ్ళు ఆ వ్యాసం పేరే చెప్పేవాళ్ళు. వ్యాపారులు కుమ్మక్కయ్యారని రుజువు చేయడానికి కాగితం అక్కర్లేదు, మాట కూడా అక్కర్లేదు, చేతి స్పర్శ చాలు అని అందులో వాదించాను. ఆ వాదనని తీర్పుల్లో ఎత్తిరాశారు. పరీక్షల్లో ప్రశ్నగా ఇచ్చారు. ఇప్పటికీ ఇస్తున్నారు. పిల్లలు నా పేరు రాసి మార్కులు తెచ్చుకుంటున్నారు.

ఆ స్పర్శ ఏమిటో నాకు చూపించింది మా బావ.

బావ ఒక పెద్ద ఎగుమతి వ్యాపారి తరఫున మిరపకాయలు కొనేవాడు. ఏ ఊరి మార్కెట్ యార్డులోనో రాయను. రేకుల షెడ్ల కింద ఎర్రగా గుట్టలు, టిక్కీలు అని మేం పిలిచే గోనె బస్తాల వరసలు, లోపలికి అడుగు పెట్టగానే తుమ్ములు. కొత్తవాళ్ళు ముక్కుకు గుడ్డ కట్టుకుంటారు. బావ ఆ ఘాటులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నవ్వుతూ తిరిగేవాడు. బస్తా కోసి గుప్పెడు కాయలు తీసి, ఒకటి విరిచి, వాసన చూసి, ఇది ఏ నేల కాయో చెప్పేవాడు. ఒక్కోసారి పచ్చిగానే నమిలేవాడు. ఇంటికొస్తే ముద్దపప్పులో కూడా కారం నంజుకునేవాడు. తాలింపులో వేగిన ఎండుమిరపకాయలు ముందు ఏరుకుని తిని, ఆ తర్వాత అన్నం కలుపుకునేవాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆయన కుడిచేతి చూపుడువేలు సగమే ఉండేది. కుర్రతనంలో చిలకలూరిపేట దగ్గర ఒక జిన్నింగు మిల్లులో పనికి వెళ్ళినప్పుడు, పత్తి గింజలు తీసే రోలర్ల మధ్య పడి నలిగిపోయింది. దాన్ని ఆయన దాచుకునేవాడు కాదు. యార్డులో అందరూ మొండివేలు అనే పిలిచేవాళ్ళు. మొండివేలు వచ్చాడా, మొండివేలు ఎంతకు కొన్నాడు. అదే ఆయన పేరయిపోయింది.

ఆ రోజుల్లో ధర బయటికి పలికేవాళ్ళు కాదు. కొనేవాడి చేతి మీదా అమ్మించేవాడి చేతి మీదా ఒక తువ్వాలు కప్పేవాళ్ళు. దాని కింద వేళ్ళు మాట్లాడేవి. ఏ వేలు పట్టుకుంటే ఎంతో, ఎన్నిసార్లు నొక్కితే ఎంతో వాళ్ళకు తెలుసు. పక్కనే నిలబడ్డ రైతుకు తన సరుకు ధర ఎంత పలుకుతోందో కనిపించేది కాదు. ఇది పాత అలవాటు, పశువుల సంతల్లోనూ ఉంది, అందులో నేను కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. పైగా దీన్ని సమర్థించేవాళ్ళూ ఉన్నారు. ఒకడి ధర ఇంకొకడికి తెలియకపోతే పోటీ ఎక్కువ ఉంటుంది కదా అని వాళ్ళ వాదన. నేనూ ముందు అదే రాద్దామనుకున్నాను.

అప్పుడు నేను ఆ వ్యాసం పని మీద సెలవులు పెట్టుకుని అక్క ఇంట్లో ఉన్నాను. ఒక మధ్యాహ్నం యార్డు పక్కన టీ కొట్టు దగ్గర బెంచీ మీద కూర్చున్నాం. నేను నా వాదన బావకు తెలుగులో చెబుతున్నాను. ఆయన కాసేపు విని, పకపకా నవ్వి, భుజం మీది తువ్వాలు తీసి మా ఇద్దరి చేతుల మీద వేశాడు.

"పోటీ అంటావేందిరా బావమరిదీ? ఇదిగో, చెయ్యి ఇటివ్వు. ఇప్పుడు నువ్వూ కొనేవాడివే, నేనూ కొనేవాణ్ణే. పొద్దున్నే కనపడితే పలకరించుకుంటాం గదా. చెయ్యి పట్టుకుంటాం."

"పట్టుకుంటే?"

"మిగతావాళ్ళయితే చూపుడువేలితో అరచేతిలో ఒక్క పోటు పొడుస్తారు. ఈ సరుకు నాది, నువ్వు ధర పెంచమాక అని. నాకు వేల్లేదుగా. నేను ఇట్టా నొక్కుతా."

బొటనవేలితో నా మణికట్టు ఎముక మీద నొక్కాడు. గట్టిగా, ఒక్కసారి. ఆ నొక్కు ఇప్పటికీ అక్కడే ఉంది.

నేను అడిగిన తర్వాతి ప్రశ్నకు నేనే చాలాకాలం గర్వపడ్డాను. ఈ మార్పు ఎవరు పెట్టారు బావా అని అడిగాను. "ఎవరేందిరా, అందరం కలిసే. నేను కొత్తగా వచ్చినప్పుడు ఇదే కొట్టు దగ్గర కూర్చుని అనుకున్నాం. వీడికి వేల్లేదు, వీడు మణికట్టు మీద నొక్కితే అదే లెక్క అని." అన్నాడు.

ఆ మాట విలువ నాకు వెంటనే తెలిసింది. మీకు అర్థమయ్యేలా చెబుతాను, ఎందుకంటే నా తప్పంతా ఇక్కడే ఉంది. వ్యాపారులను ఎవరు నిలదీసినా ఒకటే జవాబు: ఇది తాతల నాటి అలవాటు, మేం ఎవరం ఎవరితోనూ మాట్లాడుకోలేదు. అలవాటు నేరం కాదు. మాట్లాడుకుంటే నేరం. కానీ తాతల నాటి అలవాటు ఒక మనిషి సగం వేలి కోసం తనంతట తానే మారదు. దాన్ని ఎవరో మార్చాలి. ఒకరి మీద ఒకరు పోటీ పడాల్సినవాళ్ళు ఒక బల్ల చుట్టూ కూర్చుని మార్చారు. అంటే మాట్లాడుకున్నారు. అంటే ఒప్పందం ఉంది. మొత్తం దేశంలో ఎవరికీ దొరకని రుజువు, మా బావ చేతికి సగం వేలు లేకపోవడమనే రూపంలో, నా ఎదురుగా కూర్చుని టీ తాగుతోంది.

బావకు నా కళ్ళలో ఏం కనిపించిందో తెలియదు. నవ్వు ఆపేశాడు. తువ్వాలు తీసి మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు.

"రాసుకో. ఇందులో మేం చేసేదేమీ పుణ్యం పని కాదు, నాకూ తెలుసు. మా నాన్నా ఇదే యార్డులో కాయలు అమ్ముకున్నోడే. కానీ ఆ వేలు సంగతి మాత్రం రాయమాక."

"నీ పేరు ఎందుకు రాస్తాను బావా?"

"పేరెవడిక్కావాలిరా? ఇక్కడ నన్ను పేరు పెట్టి పిలిచేదెవడు?"

"సరే. వేలు మాట తీసేస్తాను."

తీసేశాను. అది కూడా నిజమే. ఆ నెలంతా వేలు లేకుండానే రాశాను. వ్యాసం ఊళ్ళో వినపడే పుకారులా తయారైంది. కొందరు వ్యాపారులు చేతులతో ఏవో సంజ్ఞలు చేసుకుంటారని వినికిడి. ఎవరు ఒప్పుకుంటారు? నా గురువుగారు చదివి, ఆసక్తిగా ఉంది గానీ రుజువు లేదన్నారు. ఆ మాటతో నాలుగు రోజులు నిద్రాహారాలు లేవు. అయిదో రోజు ఒక్క పేరా రాశాను. కుడిచేతి చూపుడువేలు సగం లేని ఒక కొనుగోలుదారు కోసం మిగతావాళ్ళు సంజ్ఞను ఎలా మార్చుకున్నారో రాశాను. ఆయన మణికట్టు మీద ఎలా నొక్కుతాడో కూడా రాశాను. ఇంతవరకూ నేను రాసిన వాటిలో అంత చక్కటి పేరా ఇంకోటి లేదు. పేరు రాయలేదు, ఊరు రాయలేదు, యార్డు రాయలేదు. ఇంగ్లిషులో రాసిందే కదా, ఎక్కడో పెద్ద పత్రికలో వస్తుంది, మా యార్డులో దాన్ని చదివేదెవరు అనుకున్నాను.

నిజంగా అలా అనుకున్నానా? ఇన్నేళ్ళూ అలాగే చెప్పుకున్నాను. ఇప్పుడు ఎవరికీ సంజాయిషీ చెప్పాల్సిన పని లేదు కనక చెబుతున్నాను. అనుకోలేదు. తెలుస్తుందేమోనన్న భయం ఆ పేరా రాస్తున్నప్పుడే ఉంది. ఆ భయాన్ని పక్కకు నెట్టి రాశాను. పోస్టులో వేసేటప్పుడు కవరు ఒకసారి వెనక్కి తీసుకున్నాను కూడా. తర్వాత వేశాను.

వ్యాసం యార్డుకు ఎలా చేరిందో చెబుతాను. ఏడాది తిరక్కముందే ఒక రైతు సంఘం తరఫు వకీలు దాన్ని తన అర్జీకి జత చేశాడు. అర్జీ నకలు వ్యాపారుల వకీలు చేతికి వచ్చింది. ఆయన వాళ్ళందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి, ఆ పేరా తెలుగులో చదివి వినిపించాడట. చదవడం పూర్తయ్యేసరికి గదిలో ఉన్నవాళ్ళంతా ఒకే చేతి వైపు చూశారు. ఇది నాకు బావ చెప్పలేదు. ఆ గదిలో ఉన్న ఒకాయన చాలా ఏళ్ళ తర్వాత ఒక పెళ్ళిలో, నేనెవరో తెలియక, తమాషా కథలా చెప్పాడు. నేను కూడా నవ్వాను. ఆయన పక్కన కూర్చుని భోజనం చేశాను.

బావను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. మర్నాడు ఆయన ఎప్పటిలాగే యార్డుకు వెళ్ళాడు. తువ్వాలు కప్పి చెయ్యి చాపాడు. ఎవరూ ఆ చెయ్యి పట్టుకోలేదు. రెండో షెడ్డులో చాపాడు, మూడో షెడ్డులో చాపాడు. ఎవరూ పట్టుకోలేదు. చెయ్యి పట్టుకునేవాడు లేకపోతే ఆ పనిలో మనిషి లేనట్టే. వారం తర్వాత ఎగుమతి వ్యాపారి కబురు పెట్టి, ఇక రావద్దన్నాడు.

అప్పట్లో నేను దూరంగా ఉద్యోగంలో ఉన్నాను. అక్క ఫోన్ చేసి చెప్పింది. మీ బావకు మిరపఘాటు పడటం లేదట, ఊపిరితిత్తులు పాడవుతాయని డాక్టరు చెప్పాడట, యార్డు మానేశాడు అని.  బావకు ఘాటు పడకపోవడమా? ఆ క్షణంలోనే నాకు అంతా తెలిసిపోయింది. "అవునా, జాగ్రత్తగా చూసుకో" అన్నాను.

కొన్నాళ్ళకు ఆయనకు పని దొరికింది. హైవే పక్కన ఒక జిన్నింగు మిల్లు గేటు దగ్గర, వచ్చే పోయే లారీల నంబర్లు రాసుకునే పని. తన వేలు తీసుకున్న మిల్లు లాంటిదే ఇంకో మిల్లు. నేను సెలవులకు వచ్చినప్పుడు బస్సు దిగి నేరుగా అక్కడికే వెళ్ళాను. కుర్చీలో కూర్చుని, బొటనవేలికీ నడిమివేలికీ మధ్య కలం ఇరికించుకుని రాస్తున్నాడు. బుర్ర మీద పత్తి నూగు పడి తెల్లగా ఉంది. నన్ను చూసి లేచాడు. పక్కనున్న లారీ డ్రైవరుకు, మా బావమరిది, పెద్ద ప్రొఫెసరు అని పరిచయం చేశాడు. డ్రైవరు వెళ్ళిపోయాక ఆ లారీ నంబరు రాసుకున్నాడు. తర్వాత తల ఎత్తకుండానే అడిగాడు.

"వేలు మాట తీసేస్తానన్నావు గదరా?"

నిజం చెప్పడానికి నాకు పూర్తి అవకాశం ఉంది. ఆయన కోపంగా లేడు. గేటు దగ్గర ఇంకెవరూ లేరు. క్షమించు బావా, తప్పయిపోయింది అంటే ఆయన ఒక బూతు తిట్టి, టీ తెప్పించేవాడు. నాకు ఆయన సంగతి తెలుసు. అయినా నా నోట్లోంచి వచ్చింది ఇది:

"నేను తీసేశాను. ఆ పత్రికవాళ్ళు నాకు తెలీకుండా పెట్టేశారు బావా."

నేను తీసేసిన మాటని నాకు తెలియకుండా పత్రికవాళ్ళు ఎలా పెడతారు? వాళ్ళకు ఎలా తెలుస్తుంది? చదువుకోనివాడికి కూడా పట్టుబడిపోయే అబద్ధం. బావ నా మొహం వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"అంతేలే. అంత పెద్దోళ్ళు నీ మాటేం వింటారు." అన్నాడు. ఆ తర్వాత, "మీ అక్కతో ఇదేం చెప్పమాక. ఘాటు పడట్లేదని చెప్పా. నువ్వంటే దానికి ప్రాణం."

ఆయన నమ్మాడా? నమ్మినట్టు నటించాడా? ఇన్నేళ్ళుగా ఈ ఒక్క ప్రశ్న నన్ను వదల్లేదు. నమ్మితే, ఒక అమాయకుణ్ణి మోసం చేశాను. నటిస్తే, అంతా తెలిసి నన్ను కడుపులో పెట్టుకున్నాడు, నేను దాన్ని సిగ్గులేకుండా తీసుకున్నాను. ఏది మేలు? ఒక్కోరోజు ఒక్కోటి అనిపిస్తుంది. రెండూ మేలు కాదు.

ఇక అక్క సంగతి. అసలు ఇది రాయడానికే మొదలుపెట్టాను, ఇంతసేపూ చట్టం వెనక దాక్కున్నాను.

అక్క ఏ పని చేసినా సగం చెయ్యదు. మొగుడికి ఘాటు పడదంటే, ఇంట్లో ఘాటు లేకుండా చేసింది. వరండాలో ఆరబోసే మిరపకాయలు పక్కింటికి పంపేసింది. కారం దంపించడం మానేసింది. తాలింపులో ఎండుమిరపకాయ వేయడం మానేసింది. ఆవాలు, జీలకర్ర, కరివేపాకు, అంతే. కూరలో కారం బదులు కాస్త మిరియాల పొడి. రోజూ పొద్దున్నే, బావ మిల్లుకు బయల్దేరే ముందు, మిరియాలూ శొంఠీ అడ్డసరం ఆకూ వేసి కాచిన కషాయం గ్లాసుడు ఇచ్చేది. ఆయన లేని దగ్గుకు ఆ కషాయం తాగాడు. పండగనాడు కూడా తాగాడు. అక్కకు వినపడేలా ఒకటి రెండుసార్లు పొడిగా దగ్గేవాడు కూడా, అలవాటు తప్పకుండా ఉండటానికి కాబోలు. నేను పక్కనే కూర్చుని అన్నం తింటూ విన్నాను.

మిరపకాయ నమిలి తినే మనిషి. తాలింపు గింజలు వేలితో కెలికి, అలవాటుగా మిరపకాయ కోసం వెతికి, లేదని గుర్తొచ్చి, ముద్ద కలుపుకునేవాడు. ఆ వెతకడం నేను ఎన్ని భోజనాల్లో చూశానో. అక్క మాత్రం, "మీ బావ నాలుక కట్టేసుకున్నాడ్రా, నా మాట మీద" అని మురిసిపోయేది.

ఇదే కాలంలో నా పేరు పెరిగింది. యార్డులో తువ్వాలు పోయింది, కంప్యూటర్లు వచ్చాయి. ఇదంతా మీ వ్యాసం పుణ్యమే అన్నారు కొందరు. కాదని నాకు తెలుసు, అయినా కాదనలేదు. రైతుకు కొంత మేలు జరిగి ఉండొచ్చు. ఆ మేలును నేను ఎన్నిసార్లు అడ్డం పెట్టుకున్నానో! ఒక్క మనిషి పనికీ వేలమంది రైతుల మేలుకూ తూకం వేసుకుని, ముల్లు నా వైపే మొగ్గినట్టు చూసుకునేవాణ్ణి. బావ కూడా ఆ కుమ్మక్కులో ఉన్నవాడే కదా అని కూడా అనుకునేవాణ్ణి. ఉన్నాడు. కానీ ఆయన నా దగ్గరికి వ్యాపారిగా రాలేదు. బావమరిదికి ముచ్చటగా చేతి విద్య చూపించాడు.

ఇంకో సంగతి ఉంది. చెప్పకుండా ఉంటే ఈ రాతంతా దండగ. ఈ చట్టంలో ఒక పద్ధతి ఉంది. కుమ్మక్కయిన వ్యాపారుల్లో ఎవడైనా ముందుగా వచ్చి నిజం చెబితే వాడికి శిక్ష తగ్గిస్తారు. వాడెవరో బయటపెట్టరు. ఆ పద్ధతి ఎలా ఉండాలో సలహా చెప్పే కమిటీ ఒకదానిలో నన్ను వేశారు. చెప్పినవాడి పేరు దాస్తే చాలు అని మిగతావాళ్ళన్నారు. చాలదు అని నేను పట్టుబట్టాను. పేరు ఒక్కటే కాదు, మనిషిని పోల్చుకోవడానికి పనికొచ్చే ఏ గుర్తూ బయటికి రాకూడదని రాయించాను. ఎంత ముందుచూపు అని అందరూ మెచ్చుకున్నారు. ఆ వాక్యం మీద సెమినార్లు జరిగాయి. ఇంత సూక్ష్మమైన విషయం మీకు ఎలా తట్టింది సార్ అని ఒక విద్యార్థి అడిగితే, అనుభవం అన్నాను. చప్పట్లు కొట్టారు. సభ అయ్యాక వరసగా చేతులు కలుపుతుంటే, ప్రతి చెయ్యీ నా మణికట్టు మీద నొక్కుతున్నట్టే అనిపించింది. అప్పటి నుంచి నేను చెయ్యి కలపను. నమస్కారం పెడతాను. సంప్రదాయం తెలిసిన మనిషని చెప్పుకుంటారు.

మూడేళ్ళ క్రితం బావకు గుండె జబ్బు ముదిరింది. ఆసుపత్రిలో మంచం పక్కన అక్కా నేనూ ఉన్నాం. అక్క డాక్టరుకు పాత సంగతులన్నీ చెబుతోంది. మిరపఘాటుకు ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయండీ, ఇరవై ఏళ్ళుగా పథ్యం చేస్తున్నాడండీ అని. ఆ డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు ఎత్తి చూసి, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయమ్మా, వాటికేం కాలేదు అన్నాడు.  అక్క మొహం వెలిగిపోయింది. నా వైపు తిరిగి, "చూశావా, నా కషాయం ఊరికే పోలేదు!" అంది.

బావ కళ్ళు మూసుకునే ఉన్నాడు. పెదవి చివర చిన్న నవ్వు కనిపించింది. దుప్పటి కింద ఆయన చెయ్యి కదిలి నా చేతిని వెతుక్కుంది. పట్టుకుంది. బొటనవేలు నా మణికట్టు ఎముక మీదికి వచ్చి ఆగింది. నొక్కింది. ఒక్కసారి.

ఈ సరుకు నాది, నువ్వు నోరెత్తమాక.

అలా అన్నాడా? లేక నీరసంలో ఉన్న మనిషి ఏదో పట్టుకున్నాడా? ఇంకొకరి కేసయితే నేను ఎంత ధీమాగా చెప్పేవాణ్ణి! మాట అక్కర్లేదు, స్పర్శ చాలు, అది ఒప్పందమే అని. నా వాదన ప్రకారం ఆ దుప్పటి కింద మేమిద్దరం కుమ్మక్కయ్యాం. పక్కనే నిలబడ్డ మనిషికి ఏమీ కనిపించకుండా, ఏమీ తెలియకుండా. యార్డులో రైతు నిలబడినట్టే అక్క నిలబడి, మందుల చీటీ మడత పెట్టుకుంటోంది. రెండు రోజుల తర్వాత బావ పోయాడు.

ఆ ఒప్పందం మీద మూడేళ్ళు బతికాను. మొన్న ఒక అమ్మాయి దాన్ని కదిలించింది. సత్తెనపల్లి వైపు అమ్మాయి, లా కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆ వ్యాసం కూడా ఉన్న నా పుస్తకాన్ని తెలుగులోకి చేస్తోంది. ఒక్కో అధ్యాయం పూర్తికాగానే నాకు ఫోన్లో పంపుతుంది. పోయిన వారం ఆ పేరా వచ్చింది. ఆ పేరాను తెలుగులో చదవడం నాకు అదే మొదటిసారి. ఆనాడు ఆ గదిలో వాళ్ళు విన్నది ఇదే కదా అనుకున్నాను. కింద ఆ అమ్మాయి రాసింది: సార్, ఇది చదువుతుంటే ఆ మనిషి కళ్ళకు కట్టాడు, ఎవరాయన, ఇప్పుడున్నారా? నేను జవాబు రాశాను. పేరు గుర్తులేదమ్మా అని.

 ఇంత వయసొచ్చి, ఆయన పోయి, ఎవరూ అడ్డుకునేవాళ్ళు లేని చోట కూడా మళ్ళీ అదే పని చేశాను.

ఆ పేరా తీసేయమని ఆ అమ్మాయికి చెప్పొచ్చు. కాదనదు. అప్పుడు నేను బావకు ఇచ్చిన మాట ఇన్నేళ్ళకు నిలబెట్టుకున్నట్టు కూడా అవుతుంది. రెండు రోజులు ఈ ఆలోచన నాకు ఎంతో ఉదాత్తంగా కనిపించింది. మూడో రోజు అసలు రంగు తెలిసింది. ఇప్పుడు ఆ పేరా తీసేస్తే బావకు ఒరిగేదేమీ లేదు. దాక్కునేది నేను. ఎందుకంటే అక్కకు ఇంగ్లిషు రాదు, తెలుగు వచ్చు. ఏడో తరగతితో చదువు ఆపేసినా, అక్షరం కనిపిస్తే వదలదు. పకోడీలు చుట్టిచ్చిన కాగితం కూడా విప్పి, నూనె మరకల మధ్యలో చదువుతుంది. తమ్ముడి పుస్తకం తెలుగులో వస్తోందని ఊరంతా చెప్పుకుంటోంది. చట్టం ముక్క అర్థం కాకపోయినా మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుతుంది. ఆ పేరా దగ్గరికి వస్తుంది.

నా తప్పు ఆమెకు మొదట అక్కడ కనిపించకూడదు. అంతకంటే ముందే నేనే చెప్పాలి. అందుకని ఇది రాస్తున్నాను. ఆ పేరా ఉంచమని ఆ అమ్మాయికి చెప్పాను. ఆ మనిషి రాయవద్దన్నా రాశానని దాని కింద ఒక వాక్యం వేయమన్నాను. 

ముందుగా వచ్చి నిజం చెప్పినవాడికి శిక్ష తగ్గుతుందని చెప్పాను కదా. నాకు ఆ దారి కూడా లేదు. ముందుగా రావాలంటే ఇంకొకడు ఉండాలి. ఆ ఇంకొకడు మూడేళ్ళ క్రితమే తన వాటా కూడా నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. శిక్ష తగ్గాలని రాయడం లేదు. అక్క నన్ను గడప తొక్కనివ్వకపోవచ్చు. అది ఆమె ఇష్టం. ఇంతకంటే పెద్ద భయం నాకు ఇంకోటి ఉంది. బావ పోయాక కూడా ఆమె తాలింపులో మిరపకాయ వెయ్యడం లేదు. ఆయన పథ్యం చేసిన ఇల్లు కదా, చెయ్యి రాదురా అంటుంది. ఇరవై ఏళ్ళు తను కాపాడుకున్నాననుకున్న ప్రాణానికి అసలు ఆ రోగమే లేదని తెలిస్తే, ఆమెకు మిగిలేదేమిటి? ఆ కషాయం గ్లాసులో ఇద్దరం కలిసి ఏం పోశామని ఆమె అనుకోవాలి?  జవాబు దొరికేదాకా ఆగితే నేనూ పోతాను.

ఇది ఆదివారం అనుబంధంలో వేస్తామన్నారు. అక్క ఆదివారాలు భోజనమయ్యాక, కళ్ళజోడు పెట్టుకుని, వాకిట్లో నవ్వారు మంచం మీద కూర్చుని చదువుతుంది. పెదాలు కదుపుతూ చదువుతుంది. ఇందులో ఎవరి పేరూ లేదు. నాది లేదు, ఆయనది లేదు, ఊరిది లేదు. పేరెవడిక్కావాలి అన్న మనిషి మాటే నిజం. మిరపకాయ లేని తాలింపు అని చూడగానే ఆమె ఆగిపోతుంది. మా జిల్లాల్లో అలాంటి ఇల్లు ఆమెకు ఒక్కటే తెలుసు.

రాశాను. ఊపిరి కాస్త ఆడుతోంది, అంతకు మించి ఏమీ లేదు. ఇంక ఒక్క మాటే మిగిలింది. అది మీకు కాదు, మీరు వినండి చాలు.

అక్కా, బావకు ఏ దగ్గూ లేదు.